జీపుబండి జన్మపత్రిక

గుంటూరునుండి విజయవాడకు పోవు జాతీయ రహదారి మీద పెదకాకాని కలదు. అచ్చటి భ్రమరాంబా మల్లేశ్వరస్వామివారి ఆలయము వాహనపూజలకు పేరు పొందినది. క్రొత్తగా కొన్న కారైనను, లారీయైనను, ట్రాక్టరైనను ముందుగా స్వామి సన్నిధికి తెచ్చి, పసుపు కుంకుమలు పెట్టి, పూలదండ వేసి, కొబ్బరికాయ కొట్టి, చక్రముల క్రింద నిమ్మకాయలు త్రొక్కించి, పిమ్మటనే పనిలో పెట్టుట ఈ ప్రాంతమువారికి అలవాటు.

ఆ క్రొత్త బండ్ల వరుసలో ఒక ప్రాత జీపు నిలిచినదనుకొందము. యజమాని దానికి రంగు వేయించి, మరల పూజ చేయించుటకు తెచ్చినాడు. అది ఏనాటి బండి? "మా తాతగారు కొన్నది, యుద్ధంనాటి జీపు" అని యజమాని చెప్పును. "ఇంజను చూస్తే అంత పాతది కాదు" అని మెకానిక్కు చెప్పును. రిజిస్ట్రేషను పుస్తకములో వేరొక సంవత్సరముండును. ఈ మూడింటిలో ఏ ఒక్కటియు అబద్ధము కాకపోవచ్చును. ఒక్కొక్కటి ఆ బండి జీవితములోని ఒక్కొక్క ఘట్టమును గూర్చి చెప్పుచున్నది. పూర్తి సమాధానము మాత్రము పసుపు క్రిందను, రంగు క్రిందను, నూనెమడ్డి క్రిందను దాగియున్న అంకెలలో నున్నది. ఆ అంకెలు ఎట్లు పుట్టినవో, వానిని చదువు విధానమేమో చూతము.

తేది తెలిసిన లాభమేమి?

ఇది కేవలము వేడుకకు సంబంధించిన ప్రశ్న కాదు. 2021 జులైలో కేంద్రప్రభుత్వము మోటారు వాహనముల నియమములను సవరించి, ప్రాచీన వాహనములకు ప్రత్యేకమైన రిజిస్ట్రేషను పద్ధతిని ఏర్పరచినది. మొదటి రిజిస్ట్రేషను తేదినుండి 50 సంవత్సరములు దాటిన రెండుచక్రముల, నాలుగుచక్రముల బండ్లు ఇందుకు అర్హములు. కాని వయస్సొక్కటే చాలదు. ఛాసిస్, బాడీ, ఇంజను అను మూడును పెద్ద మార్పులు లేక మొదటి రూపముననే ఉండవలెను. అట్టి బండికి 'వి.ఎ.' అను అక్షరములతో కూడిన నంబరు 10 సంవత్సరముల కాలమునకు లభించును. దానిని నిత్యోపయోగమునకు గాని, వ్యాపారమునకు గాని నడుపరాదు.

కావున అంకెలు చదువలేనివాడు రెండు విధముల నష్టపోవును. తరువాతి కాలపు బండిని యుద్ధపు జీపని నమ్మి అధికమైన వెల చెల్లించును. లేదా, నిజమైన ప్రాతబండిని ప్రాత ఇనుము క్రింద అమ్మివేయును. ఇక అంకెలు అరగదీసిన బండి దొంగసొత్తు కూడ కావచ్చును.

యుద్ధకాలపు జీపు

జీపు పుట్టుక రెండవ ప్రపంచయుద్ధముతో ముడిపడియున్నది. తేలికగా నుండి, నాలుగుచక్రములకును ఇంజను శక్తి అందు చిన్నబండి కావలెనని 1940లో అమెరికా సైన్యము కంపెనీలను కోరినది. బాంటం అను చిన్న కంపెనీ తన మొదటి నమూనాను ఆ సంవత్సరము సెప్టెంబరు 23వ తేదీన అప్పగించినది. కాని భారీ ఉత్పత్తి విల్లీస్-ఓవర్లాండ్, ఫోర్డ్ కంపెనీల చేతికి పోయెను. విల్లీస్ బండికి ఎం.బి. అనియు, ఫోర్డ్ బండికి జి.పి.డబ్ల్యు. అనియు పేర్లు. 1941 చివరినుండి 1945 వరకు ఈ రెండును కలిసి సుమారు 6,40,000 తయారైనవి. ఒక కంపెనీ బండి భాగములు మరియొక కంపెనీ బండికి సరిగా అమరవలెనని సైన్యము నిర్బంధించుటచే ఇవి కవలపిల్లలవలె నుండును.

ఐనను కవలలను తల్లి గుర్తించినట్లు, తెలిసినవారు వీనిని గుర్తింపగలరు. ముందు గ్రిల్లు క్రిందనున్న అడ్డుకమ్మి విల్లీస్ బండిలో గుండ్రని గొట్టము. ఫోర్డ్ బండిలో బోర్లించిన దోనె ఆకారము. ఫోర్డ్ కంపెనీ తాను చేసిన భాగములపైనను, బోల్టు తలలపైనను గూడ 'ఎఫ్' అను అక్షరమును ముద్రించినది. ఛాసిస్ నంబరును విల్లీస్‌వారు ఒక చిన్న రేకుపై ముద్రించి, చట్రము ముందుభాగమున ఎడమకమ్మి లోపలివైపున బిగించిరి. ఫోర్డ్‌వారు చట్రపు ఇనుముమీదనే పైవైపున గ్రుద్దిరి. రేకును ఊడదీయవచ్చును, ఇనుముమీద గ్రుద్దిన అంకెను ఊడదీయుట సాధ్యముకాదు. ఈ భేదమును గుర్తుంచుకొనవలెను.

విల్లీస్ ఎం.బి. బండ్ల నంబర్లు 1తో గాక 100001తో ప్రారంభమైనవి. అందుచే 100500 అను నంబరు చూచి లక్షపైచిలుకు బండ్లు తయారైన తరువాతిదని భ్రమపడరాదు. అది ఐదువందలవ బండి మాత్రమే. డాష్‌బోర్డుపై నుండు రేకుమీద బండిని సైన్యమునకు అప్పగించిన తేది ఉండును. ఇందును ఒక చిక్కు కలదు. అమెరికావారు ముందు నెలను, పిదప దినమును వ్రాయుదురు. కనుక 3-7-44 అనగా మన లెక్క ప్రకారము జులై 3 కాదు, మార్చి 7.

బానెట్టు ప్రక్కల తెల్లరంగుతో వ్రాసిన సైన్యపు నంబరు మొదట 20 అను అంకె యుండును. అది సంవత్సరము కాదు, వాహనపు తరగతి. భారతసైన్యపు బండ్లలో ఇది తలక్రిందులగును. బాణపు గుర్తు తరువాత వచ్చు మొదటి రెండంకెలు సంవత్సరమును, వాని వెంటనున్న అక్షరము తరగతిని తెలుపును. జబల్పూరు వాహన కర్మాగారములో 1969నుండి తయారైన జోంగా బండ్లను సైన్యము వేలము వేయగా కొన్నవారికి ఈ సంగతి ఉపకరించును. ఒకే విధముగా కనిపించు రెండంకెలు ఒకచోట వయస్సును, మరియొకచోట కులమును చెప్పుచున్నవన్నమాట. సంకేతము ఎవరిదో తెలియనిదే అంకెకు అర్థము లేదు.

మనదేశపు జీపు

1945 అక్టోబరు 2వ తేదీన లూధియానాలో మహీంద్రా అండ్ మొహమ్మద్ అను కంపెనీ ఏర్పడినది. దేశవిభజనానంతరము మాలిక్ గులాం మొహమ్మద్ పాకిస్థానునకు తొలి ఆర్థికమంత్రిగా వెళ్లగా, 1948లో అది మహీంద్రా అండ్ మహీంద్రా అయినది. బొంబాయిలో ఈ కంపెనీ కూర్చిన మొదటి విల్లీస్ జీపు 1949 జూన్ 3వ తేదీన వెలువడినది. మొదట భాగములన్నియు అమెరికానుండి పెట్టెలలో వచ్చుచుండెను. క్రమక్రమముగా ఇచ్చటనే తయారుచేయుట మొదలైనది.

తెలుగుదేశములో సామాన్యులకు జీపు పరిచయమైనది ఎక్కువగా ప్రభుత్వపు పనులవలననే. 1952 అక్టోబరు 2న సమాజవికాస పథకము ప్రారంభమైన పిదప 'బ్లాకు జీపు' అను మాట పల్లెలలో వాడుకకు వచ్చినది. గుంటూరు మండలపు నల్లరేగడి నేల ఎండకాలములో బీటలు తీయును, వానకు ఉబ్బి జిగురగును. ప్రత్తిచేలమధ్య డొంకలలో వెనుకచక్రములకు మాత్రమే శక్తి అందు కారు కూరుకొనిపోవును. నాలుగుచక్రములును లాగు జీపునకు ఆ బాధ తక్కువ. ఇట్టి బండ్లు కాలము చెల్లగానే వేలమునకు వచ్చి రైతుల చేతులలోనికి, బాడుగబండ్లవారి చేతులలోనికి పోయినవి.

మనదేశములో చిరకాలము నిలిచిన నమూనా సి.జె.-3బి. దీనిని గుర్తించుట సులభము. యుద్ధపు జీపులోని 60 అశ్వశక్తుల ఇంజనుకు మారుగా ఇందు 72 అశ్వశక్తుల 'హరికేన్' ఇంజనును పెట్టిరి. దాని తల ఎత్తు. దానిని కప్పుటకు బానెట్టును కూడ ఎత్తు చేయవలసి వచ్చెను. యుద్ధపు జీపు గ్రిల్లులో తొమ్మిది సందులుండగా, యుద్ధానంతరపు విల్లీస్ జీపులలో ఏడే యుండును. కావున ఎత్తు బానెట్టు, ఏడు సందులు గల బండి "యుద్ధపు జీపు" కాజాలదు. అంకె చూడకముందే తెలియు సంగతి యిది.

అమెరికాలో 1953లో తయారైన ఈ నమూనా బండ్ల నంబరు 453-జి.బి.2 అని మొదలగును. ఇందు 4 అనునది సిలిండర్ల సంఖ్య, 53 అనునది సంవత్సరము. రెండేండ్లు గడువకముందే ఆ కంపెనీ పద్ధతి మార్చి, సంవత్సరపు అంకెలను తొలగించి, నమూనాను తెలుపు అంకెలనే నిలిపినది. ఒకే కంపెనీ, ఒకే బండి. తాళపుచెవి మాత్రము మారినది.

మూడు పుట్టినరోజులు

ఇట్టి బండికి ఒక్క జన్మదినము గాక మూడుండును. టొలీడో నగరములో నంబరు ఇచ్చిన దినమొకటి. పెట్టెలలో సముద్రము దాటి వచ్చిన భాగములను బొంబాయిలో కూర్చిన దినమొకటి. ఏదో ఒక ఊరి కార్యాలయములో మొదటిసారి రిజిస్టరైన దినమొకటి. వీనిమధ్య నెలలే గాక, ఒక్కొక్కప్పుడు సంవత్సరములు గూడ గడువవచ్చును. యుద్ధానంతరము మిగులు సామగ్రిగా అమ్మిన సైన్యపు జీపులకు ఈ వ్యత్యాసము మరియు ఎక్కువ. సైన్యములో నున్నంతకాలము అవి పౌరరిజిస్టరులో లేవు.

మన పల్లెలలో పెద్దవారి సంగతి ఇట్టిదే. పుట్టిన దినము వేరు, బడిలో వేసిననాడు పంతులుగారు వ్రాసికొన్న తేది వేరు. పింఛనుకు బడి తేదియే ప్రమాణము; జాతకమునకు అసలు తేది కావలెను. అట్లే చట్టము రిజిస్ట్రేషను తేదిని చూచును. చరిత్రకారుడు తయారీ తేదిని వెదకును. మొదట చెప్పిన యజమాని, మెకానిక్కు, పుస్తకము మూడు విధములుగా చెప్పుటకు ఒక కారణమిది.

రిజిస్ట్రేషను నంబరును బట్టి తయారీ తేది నిర్ణయింపరాదు. అది కార్యాలయము ఇచ్చినది. గుంటూరు జిల్లాకు ఎ.పి.7 అను గుర్తు చిరకాలముండి, 2019లో రాష్ట్రమంతటికి ఎ.పి.39 అను ఒక్క గుర్తే వచ్చినది. బండి చేతులు మారి ఊళ్లు తిరిగినచో నంబరు గూడ మారవచ్చును. ఛాసిస్ నంబరు మాత్రము చట్రముతో పుట్టి చట్రముతోనే పోవును.

వరుస సంఖ్య చెప్పు కథ

సంవత్సరపు అంకె లేని నంబరునుండి తేదిని రాబట్టుట ఎట్లు? వరుస సంఖ్య కాలమును నేరుగా చెప్పకున్నను, క్రమమును చెప్పును. ఒక కర్మాగారమునుండి 20,000 నంబరు బండి మార్చి 1న, 26,000 నంబరు బండి మే 1న వెలువడినవని రికార్డుల వలన తెలిసినదనుకొందము. అప్పుడు 23,000 నంబరు బండి మార్చి నెలాఖరున పుట్టియుండును. తెలిసిన రెండు తేదులమధ్య తెలియనిదానిని నింపుట యిది. ఉత్పత్తి ఒకే వేగమున సాగినదను ఊహమీద ఈ లెక్క నిలిచియున్నది. సమ్మె జరిగినను, ఉక్కు అందకున్నను లెక్క తప్పును. కనుక తెలిసిన తేదులు ఎంత దగ్గరగా నున్న అంత మేలు.

వరుస సంఖ్యల శక్తి యుద్ధకాలములో మరియొక విధముగా వెల్లడియైనది. జర్మనీ నెలకు ఎన్ని టాంకులు తయారుచేయుచున్నదో మిత్రరాజ్యములకు తెలియవలసియుండెను. 1942 ఆగస్టునకు గూఢచారులు చెప్పిన లెక్క 1,550. పట్టుబడిన టాంకుల నంబర్లను, ముఖ్యముగా గేరుపెట్టెల నంబర్లను పరిశీలించిన గణాంకవేత్తలు చెప్పిన లెక్క 327. యుద్ధానంతరము జర్మనీ రికార్డులు దొరకగా అసలు సంఖ్య 342 అని తేలినది.

ఇందులోని సూత్రము గుంటూరు మిరపయార్డులోని టిక్కీలతో చెప్పవచ్చును. ఒక రైతు తన టిక్కీలకు 1నుండి వరుసగా నంబర్లు వేసినాడనుకొందము. వానిలో ఏవో ఐదు మనకంటబడినవి. వాని నంబర్లు 14, 38, 45, 60, 70. మొత్తమెన్ని? 70కి తక్కువ గాదు. 1నుండి 70 వరకు ఐదు టిక్కీలు కనబడినవి గనుక ఒక్కొక్కదాని ముందు సగటున 13 కనబడని టిక్కీలున్నవి. 70కి తరువాత గూడ అంతే యుండునని తలచి 13 కలిపినచో 83 అగును. ఇదియే ఆ అంచనా. చిత్రమేమనగా, ఈ లెక్కకు పెద్దనంబరు ఒక్కటియు, చూచిన టిక్కీల సంఖ్యయు చాలును; తక్కిన నంబర్లు ఏమైనను ఫలితము మారదు. దత్తాంశములలో అవసరమైన సారమునుమాత్రమే గ్రహించి అంచనాను మెరుగుపరచు మార్గమును 1945లో నిరూపించినవారిలో ప్రథములు ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితమభ్యసించిన సి.ఆర్. రావుగారు. అది రావు-బ్లాక్‌వెల్ సిద్ధాంతమని ప్రసిద్ధి కెక్కినది.

సాక్షుల పరీక్ష

ఐనను ఒక్క నంబరును నమ్మి తీర్పు చెప్పరాదు. న్యాయస్థానములో వలెనే ఇచ్చటను పలువురు సాక్షులను విచారింపవలెను. ఛాసిస్ నంబరు ఒక సాక్షి. ఇంజను నంబరు రెండవది. డాష్‌బోర్డు రేకు మూడవది. బానెట్టు, గ్రిల్లు, అడ్డుకమ్మి రూపములు నాలుగవది. పోతపోసిన భాగములపై నుండు గుర్తులు ఐదవది.

సాక్షులను తూచుటకు ఒక సులభమైన నియమము కలదు: భాగము బండికంటె ముందు పుట్టవలెను. ఇంజను దిమ్మను పోతపోసి, చల్లార్చి, తొలచి, కూర్చిన తరువాతనే అది బండిలోనికి చేరును. కనుక భాగముపై నున్న తేది బండి తేదికి కొంచెము ముందుగా నున్నచో అది మొదటినుండి ఆ బండిదే కావచ్చును. బండి తేదికి తరువాతిదైనచో ఆ భాగము నిస్సందేహముగా మార్చబడినది. మరీ ముందుదైనచో మరియొక ప్రాతబండినుండి తెచ్చినదని శంకింపవలెను. మెకానిక్కు ఇంజను చూచి చెప్పినది ఇంజను వయస్సు. బండి వయస్సు కాకపోవచ్చును.

ఊడదీయుటకు ఎంత సులభమో సాక్ష్యపు విలువ అంత తక్కువ. మరతో బిగించిన రేకు అన్నిటికంటె బలహీనము. అట్టి రేకులు క్రొత్తవి గూడ అచ్చువేయించి అమ్ముదురు. ఇంజను నంబరు మధ్యమము. చట్రపు ఇనుముమీద గ్రుద్దిన అంకె అన్నిటికంటె బలమైనది. నిగనిగలాడు క్రొత్తరేకు చెప్పు మాటకంటె, తుప్పు పట్టిన చట్రము చెప్పు మాట విశ్వసనీయము.

అరగదీసినను చెరగని అంకె

బలమైన సాక్షిని గూడ నోరు మూయింపజూచువారు కలరు. ఆకురాతితో అంకెలను అరగదీసి క్రొత్త అంకెలు గ్రుద్దుదురు. కాని ఇనుము జ్ఞాపకశక్తి కలది. లోహము చిన్న చిన్న స్ఫటికముల కూర్పు. అచ్చును సమ్మెటతో కొట్టినప్పుడు పైకి కనబడు గుంటయే గాక, దాని అడుగున కొంతలోతువరకు స్ఫటికములు నలిగిపోవును. పైభాగము నున్నగా అరిగినను నలిగిన పొర మిగిలియుండును. దానిమీద తామ్రక్లోరైడు, హైడ్రోక్లోరికామ్లము చేరిన 'ఫ్రై' ద్రావణమును పూసినచో, నలిగిన చోట రసాయనచర్య వేరొక వేగమున జరుగుటచే మాసిన అంకె నీడవలె పైకి తేలును. నేరపరిశోధనశాలలు ఈ పద్ధతిని వాడుచున్నవి. నలిగిన పొర పూర్తిగా తొలగిపోవునంత లోతుగా అరగదీసినచో మాత్రము ఇది పనిచేయదు.

పదునేడక్షరముల పేరు

ఇన్ని కంపెనీలు, ఇన్ని సంకేతములు ఉన్న గందరగోళమును తొలగించుటకు 1977లో అంతర్జాతీయ ప్రమాణసంస్థ 17 అక్షరముల పద్ధతిని ప్రకటించినది. అమెరికాలో 1981 నమూనాలనుండి ఇది నిర్బంధమైనది. మనదేశములోను పిదప వచ్చినది. మొదటి మూడక్షరములు తయారీదారుని తెలుపును. మహీంద్రా బండ్లలో ఇవి ఎం.ఎ.1. ఆంగ్లాక్షరములలో ఐ, ఓ, క్యూలను వాడరు. ఒకటి, సున్న అంకెలతో పొరబడుదురని వానిని విడిచిరి. అమెరికా పద్ధతిలో పదవ అక్షరము సంవత్సరమును చెప్పును. 1980కి ఎ, 1981కి బి. ఇట్లు 21 అక్షరములు 2000 వరకు, పిదప 1నుండి 9 వరకు అంకెలు 2009 వరకు. 2010లో మరల ఎ. అనగా షష్టిపూర్తికి మన ప్రభవ మరల వచ్చినట్లు, ముప్పదియేండ్లకు ఈ చక్రము తిరుగును. ప్రభవ అని మాత్రము వ్రాసిన తాటియాకు గ్రంథపు కాలమును లిపినిబట్టి నిర్ణయించినట్లు, ఇచ్చటను బండి రూపమునుబట్టి అరువది, ముప్పది ఏండ్ల సందేహము తీర్చుకొనవలెను. ప్రాతజీపులకు ఈ పద్ధతి లేదు. వానికి సాక్షులను కూర్చుటయే మార్గము.

ఇప్పుడు పెదకాకాని ఆలయము ముందు నిలిచిన జీపును మరల చూతము. దాని బానెట్టు ఎత్తుగా నున్నది. గ్రిల్లులో ఏడు సందులున్నవి. కనుక అది యుద్ధపు జీపు కాదు. తాతగారు కొన్నమాట నిజమే కావచ్చును. ఆయన కొన్ననాటికి జీపులన్నియు జనులనోట యుద్ధపు జీపులే. ఇక మిగిలినది చట్రముమీది నంబరు. దానికి ఆకురాయి గాని, ఇసుకకాగితము గాని తగిలింపరాదు. కిరసనాయిలు తడిపిన గుడ్డతో మెల్లగా మడ్డి తుడిచి, పలుచని కాగితము పరచి పెన్సిలుతో రుద్దినచో అంకెలు కాగితముపై దిగును. రవాణా కార్యాలయములలో ఛాసిస్ ముద్ర తీయుపద్ధతియు ఇదే. ఆ కాగితమును, డాష్‌బోర్డు రేకు ఛాయాచిత్రమును రిజిస్ట్రేషను పుస్తకముతోపాటు దాచినచో బండికి జన్మపత్రిక సిద్ధమగును.

రంగు వేయించుటకు ముందే ఈ పని చేయవలెను. రంగు ఎప్పుడైనను మరల వేయవచ్చును. ఒక్కసారి అరిగిపోయిన అంకెను మరల గ్రుద్దినచో అది సాక్ష్యము కాదు, కట్టుకథ యగును.